రోగానికి మందుండాది, బుద్ధికేముండాది?

ప్రొద్దుటూరు నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. మనిషి తెలిసిపోయే వివరాలు తీసేసి, కొంత కుదించి ఇస్తున్నాను.

"అక్కా, నాకు 28 ఏండ్లు. 21వ ఏట బైపోలార్ (మనసు కొన్నాళ్ళు పట్టలేని ఊపులో, కొన్నాళ్ళు కుంగుబాటులో ఉండే జబ్బు) అని తేలింది. అప్పట్నుంచీ లిథియం వాడుతున్నా. రెండేండ్ల కిందట జబ్బు ఎక్కువైనప్పుడు అమ్మ గొలుసు కుదువ పెట్టి, వ్యాపారం చేస్తానని 60 చీరలు తెచ్చి ఇంట్లో వేశాను. గొలుసు ఇంకా విడిపించలేదు. ఇప్పుడు ఆ ఊపు లేదు. కానీ మా ఆయన షాపులో ఉండి ఫోన్ ఎత్తకపోతే పది నిమిషాల్లో నా లోపల ఏదో కూలిపోతుంది. వదిలేసి పోతాడనిపిస్తుంది. మెసేజ్ మీద మెసేజ్ పెడతా, నోటికొచ్చినట్టు తిడతా, చేయి కోసుకుంటా. సాయంత్రం ఆయన వచ్చి 'తిన్నావా' అంటే అంతా సర్దుకుంటుంది. సిగ్గు ఒక్కటే మిగులుతుంది. పోయిన నెల కడపలో డాక్టరు, బైపోలార్‌తో పాటు బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ కూడా ఉందని చీటీలో రాశారు. మా ఆయన ఫోన్‌లో అర్థం చూసుకొని, 'రోగానికైతే మందుండాది, బుద్ధికి మందేముండాది?' అన్నాడు. నా వ్యక్తిత్వమే చెడ్డదా అక్కా? బుద్ధే చెడ్డదైతే ఈ మాత్రలెందుకు? మాకింకా పిల్లలు లేరు. కనొచ్చా?"

తల్లీ, మాత్రలు ఆపొద్దు. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకుందాం, ఈ మాట మాత్రం ముందే చెప్పాలి. లిథియం ఉన్నట్టుండి ఆపేస్తే బైపోలార్ తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. చీటీలో రెండో పేరు చేరినంత మాత్రాన మొదటి పేరు కొట్టేసినట్టు కాదు.

నేను డాక్టర్‌ను కాను. మా తమ్ముడికి బైపోలార్. ఒకసారి కర్నూలులో అర్ధరాత్రి రెండు గంటలకు ఇంట్లోంచి వెళ్ళిపోయి, కొండారెడ్డి బురుజు దగ్గర వచ్చే పోయే ఆటోలను ఆపి డ్రైవర్లకు డబ్బులు పంచిపెట్టాడు. వాణ్ణి చేర్చిన ఆసుపత్రి పేరు చెప్పను. పక్క గదిలో డిగ్రీ చదివే పిల్ల ఒకతె ఉండేది. ముంజేయి నిండా కట్లు. మా వాడు అన్నం పళ్ళెం విసిరికొడితే, అక్కడి ఆయమ్మ "పాపం, జబ్బు మనిషి" అంటూ మెతుకులు ఏరింది. అదే ఆయమ్మ, ఆ పిల్ల ఏడిస్తే "నాటకాలు" అనేది. రౌండ్సుకు వచ్చిన డాక్టరు కూడా ఆ పిల్ల మంచం దగ్గర నిమిషం నిలబడలేదు. ఒక రాత్రి ఆ పిల్ల నీళ్ళు పట్టుకోవడానికి వచ్చి నాతో అంది: "మీ తమ్మునికి జబ్బంట గదక్కా. అదృష్టం." నేను ఏమీ అనలేకపోయాను. నీ ఉత్తరంలో మీ ఆయన మాట చదివినప్పుడు ఆ పిల్ల చేతిలోని ప్లాస్టిక్ చెంబుతో సహా కళ్ళముందుకొచ్చింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఆ రోజు ఆ పిల్లకు చెప్పలేకపోయినది నీకు చెబుతున్నాను: నీకున్నదీ జబ్బే.

ఈ పేరు దగ్గరే చిక్కంతా ఉంది. పర్సనాలిటీ అనే మాటను తెలుగులో "వ్యక్తిత్వం" అని రాసుకున్నాం. మన దగ్గర వ్యక్తిత్వం అంటే నడత, నిజాయితీ, ఇచ్చిన మాట మీద నిలబడడం. ఇక "వ్యక్తిత్వ లోపం" అంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? మంచిది కాదనే అనిపిస్తుంది. వైద్యులు ఆ మాట వాడేది ఆ అర్థంలో కాదు. మనసు ఒక దెబ్బను ఎంత గట్టిగా తీసుకుంటుంది, ఎంతసేపటికి తేరుకుంటుంది, అయినవాళ్ళు ఉంటారని ఎంతవరకు నమ్మగలుగుతుంది, తన గురించి తను ఏమనుకుంటుంది అనే తీరు అది. బార్డర్‌లైన్ అనే మాటకూ నీ గుణంతో సంబంధం లేదు. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికా డాక్టరు, అప్పటి లెక్కలో న్యూరోసిస్‌లోనూ (దిగులు, ఆందోళన లాంటివి) సైకోసిస్‌లోనూ (లేనిది ఉన్నట్టు తోచే జబ్బులు) ఇమడని కొందరు రోగుల గురించి రాస్తూ, వీళ్ళు ఆ రెంటి నడుమ గట్టు మీద ఉన్నారన్నట్టు ఆ మాట వాడాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్ఎం మూడో కూర్పులో అది జబ్బుగా చేరింది. ఆ గట్టు కథ పాతబడిపోయింది, పేరు మాత్రం నీలాంటి వాళ్ళ నెత్తిన ఉండిపోయింది.

నీ లోపల జరిగేది నాకు అర్థమైనంతలో ఇది. గోరు ఊడిన వేలికి కారం తగిలితే ఎట్లుంటుంది? అదే కారం పక్క వేలికి తగిలితే తెలియను కూడా తెలియదు. ఫోన్ ఎత్తకపోవడం మీ ఆయనకు పక్క వేలు, నీకు గోరు ఊడిన వేలు. ఆయన "ఇంత చిన్నదానికా" అన్నప్పుడు అబద్ధమాడడం లేదు. నువ్వు "చచ్చిపోయేంత నొప్పి" అన్నప్పుడు నువ్వూ అబద్ధమాడడం లేదు.

ఈ రెండు జబ్బులూ కలిసి రావడం అరుదేమీ కాదు. బైపోలార్ ఉన్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి బార్డర్‌లైన్ కూడా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. రెంటిలోనూ మనసు ఎగసిపడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్ళకు ఒకటే అనిపిస్తుంది. కానీ రెండూ నడిచే గడియారాలు వేరు. నీ ఉత్తరంలోనే ఆ రెండు గడియారాలూ ఉన్నాయి చూడు.

60 చీరలు తెచ్చిన రోజులు గుర్తు చేసుకో. రాత్రికి ఎన్ని గంటలు పడుకున్నావు? మూడు గంటలు పడుకొని కూడా తెల్లవారుజామునే హుషారుగా లేచి ఉంటావు. అది ఒక పూటలో వచ్చి పోయినది కాదు. ఆ ఊపును మేనియా అనడానికి కనీసం ఒక వారం, కాస్త తక్కువ మోతాదుదైన హైపోమేనియాకు కనీసం 4 రోజులు వైద్యులు లెక్క పెట్టుకుంటారు. కుంగుబాటుకైతే 2 వారాలు. ఆ రోజుల్లో మీ ఆయన ఫోన్ ఎత్తినా ఎత్తకపోయినా ఆ ఊపు ఆగేది కాదు. ఇప్పుడు ఫోన్ సంగతి చూడు. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలవుతుంది, దానికొక కారణం కనిపిస్తుంది, సాయంత్రం "తిన్నావా" అనే ఒక్క మాటతో దిగిపోతుంది. ఆ రాత్రి నిద్ర పట్టకపోతే మరుసటి రోజు ఒళ్ళు పులిసిపోతుందే కానీ హుషారు రాదు. గంటల్లో నడిచేది, మనుషుల చుట్టూ తిరిగేది బార్డర్‌లైన్. రోజుల్లో, వారాల్లో నడిచేది, నిద్రను మార్చేసేది బైపోలార్.

ఒక చిన్న నోటు పుస్తకం కొనుక్కో. రోజుకు రెండు ముక్కలు చాలు: ఎన్ని గంటలు నిద్రపోయావు, మనసు తిరగబడితే ఎన్నింటికి మొదలై ఎన్నింటికి దిగింది. వీలైతే దానికి ముందు ఏం జరిగిందో కూడా. రెండు నెలలు రాసి డాక్టరు ముందు పెడితే, ఆయన గంటసేపు అడిగినా రాబట్టలేని సంగతి అందులో ఉంటుంది. ఇంకొక మాట కూడా అడుగు. మేనియాలోనో కుంగుబాటులోనో ఉన్న మనిషిని చూసి పర్సనాలిటీ డిజార్డర్ అని తేల్చకూడదు. నిలకడగా ఉన్న రోజుల్లో కూడా, వయసు వచ్చినప్పట్నుంచీ ఆ తీరు ఉందా అని చూసి చెప్పాలి. నీ విషయంలో అట్లా చూసే రాశారా అని మర్యాదగా అడగొచ్చు. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు చిన్నబుచ్చుకోడు.

గడియారాలు వేరైనా రెండూ ఒకచోట కలుస్తాయి. ఆ చోటు రాత్రి. గొడవ పది గంటలకు మొదలై మెసేజ్‌లు రెండింటి దాకా సాగితే, మొదలుపెట్టింది బార్డర్‌లైనే కావచ్చు. కానీ పోయిన నిద్ర బైపోలార్ ఖాతాలో పడుతుంది. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర చెడితే మేనియా లేవడానికి అంతకంటే సాకు అక్కర్లేదు. గడ్డివాము పక్కన నిప్పు పెట్టుకున్నట్టే. మా ఇంట్లో దీన్ని తెలుసుకోవడానికి నాలుగేండ్లు పట్టింది. తెలిసినాక ఒక కట్టడి పెట్టుకున్నాం: రాత్రి తొమ్మిదిన్నర దాటితే ఏ తగాదా లేదు. ఎవరికి ఎంత కోపమున్నా "రేపు టిఫిన్ అయినాక" అంటారు, మిగతావాళ్ళు ఊరుకుంటారు. పొద్దున ఉగ్గాని తిన్నాక సగం తగాదాలు ఎవరికీ గుర్తుండవు. గుర్తున్నవి నిజంగా మాట్లాడుకోవలసినవి. మీ ఇంట్లో కూడా ఈ ఒక్క కట్టడి పెట్టుకోండి.

చేయి కోసుకోవడం గురించి దాచకుండా రాశావు. ఆ మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. నొప్పి పెట్టుకుంటే లోపలి మంట కాసేపు చల్లారుతుంది, అందుకే చేయి అటు పోతుంది. అది ఎవరినీ బెదిరించడానికి కాదు. కానీ ఆ చల్లారడం కొద్దిసేపే, ఆ తర్వాత నువ్వు రాసిన సిగ్గు. ఆ కోరిక అలలాంటిది, ఎగసి, కాసేపు నిలిచి, దిగుతుంది. అది దిగేదాకా నిన్ను నువ్వు దాటించుకోవాలి. కుండలో చల్లటి నీళ్ళు బేసిన్‌లో పోసుకొని, ఊపిరి బిగబట్టి, ముఖాన్ని అర నిమిషం ముంచు. గుండె వేగం తగ్గుతుంది, ఒళ్ళు దానంతటదే నెమ్మదిస్తుంది. ఇది చిట్కా వైద్యం కాదు, చికిత్సలో నేర్పేదే. గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం చేయకూడదు. తర్వాత ఫోన్ వంటింట్లో పెట్టి, మేడ మెట్లు పదిసార్లు ఎక్కి దిగు. అప్పటికీ తగ్గకపోతే 14416కు ఫోన్ చెయ్. అది టెలీ మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన గట్టిగా పట్టుకుంటే మాత్రం ఒంటరిగా ఉండొద్దు. పక్కింటివాళ్ళనైనా పిలువు, లేకుంటే 108కి చెయ్.

లిథియం డబ్బా నీ దగ్గర పెట్టుకోవద్దు. అమ్మ దగ్గరో మీ ఆయన దగ్గరో ఉంచి, వారానికి సరిపడా మాత్రమే తీసుకో. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ నడుమ దూరం చాలా తక్కువ ఉన్న మందు అది. దెబ్బ తగిలితే పోలీసు కేసు అవుతుందనే భయంతో ఆసుపత్రికి పోకుండా ఉండొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ చెబుతోంది.

ఇక మీ ఆయన అడిగినదానికి వద్దాం. బార్డర్‌లైన్‌కు మాత్ర లేదన్నది చాలావరకు నిజం. బైపోలార్‌కు వాడే లామోట్రిజిన్ దీనికీ పనిచేస్తుందేమోనని బ్రిటన్‌లో 276 మందికి ఏడాదిపాటు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే మేలేమీ కనబడలేదని 2018లో తేల్చారు. మాత్ర లేదు కానీ వైద్యం ఉంది, అది మాటలతో చేసే వైద్యం. అందులో బాగా పేరొచ్చినది డీబీటీ, అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, ఎగసిపడే మనసును నిలబెట్టుకునే నేర్పులు నేర్పే చికిత్స. దాన్ని తయారుచేసిన మార్షా లీనెహాన్, తానూ చిన్న వయసులో ఇట్లాగే తనను తాను గాయపరచుకుంటూ ఆసుపత్రిలో గడిపానని 2011లో బయటికి చెప్పింది.

డీబీటీ నేర్చినవాళ్ళు ప్రొద్దుటూరులో యాడ దొరుకుతారని నువ్వు అడుగుతావు. న్యాయమైన ప్రశ్న. బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు పోగలిగితే ఒకసారి పోయి చూపించుకో, మన రాయలసీమ వాళ్ళు ఎందరో పోతున్నారు. పోలేకపోతే దిగులు పడొద్దు. కెనడాలో 180 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి డీబీటీ, రెండో భాగానికి అనుభవమున్న మానసిక వైద్యులు క్రమం తప్పకుండా చేసే మామూలు చికిత్స ఏడాదిపాటు ఇచ్చారు. 2009లో ఫలితం వచ్చింది: రెండు భాగాలవాళ్ళూ దాదాపు ఒకేలా బాగుపడ్డారు. నాకు ఇందులో కనిపించేదేమంటే, నిన్ను వారం వారం చూసి, నీ మాట వినే ఒకే డాక్టరో కౌన్సెలరో ఉంటే చాలావరకు పని జరుగుతుంది. ఊరికొక డాక్టరును మార్చుకుంటూ పోవద్దు. బార్డర్‌లైన్ ఉన్నవాళ్ళను పదేండ్లూ అంతకంటే ఎక్కువ కాలం వెంబడించి చూసిన పరిశోధనల్లో, ఎక్కువమందికి లక్షణాలు తగ్గుముఖం పట్టాయి. మా తమ్ముడి బైపోలార్‌కు నేనంత మాట చెప్పలేను, అది జీవితాంతం చూసుకోవలసినదే. నీకున్న రెంటిలో, మీ ఆయన "మందు లేదు" అన్నదే ఎక్కువ తగ్గే జబ్బు.

ఈ కింది నాలుగు మాటలూ ఆయనకు చూపించు.

నాయనా, నువ్వూ అలసిపోయి ఉంటావు. పొద్దంతా షాపులో నిలబడి, ఫోన్ తీస్తే నలభై మెసేజ్‌లుంటే ఎవరికైనా విసుగే. కానీ ఆ నలభైకి మందు నీ చేతిలో కొంత ఉంది. పొద్దున పోయేటప్పుడే "రెండింటికి చేస్తా" అని టైము చెప్పు. ఆ టైముకు ఒక నిమిషమైనా చెయ్. గిరాకీ ఉండి చేయలేకపోతే "మూడింటికి" అని ఒక్క ముక్క పెట్టు. ఆమె ఏడుస్తున్నప్పుడు తప్పొప్పులు తేల్చకు. "భయపడ్డావా" అని అడుగు, తేల్చుకునేది టిఫిన్ తర్వాత. చచ్చిపోతానంటే ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకు. అట్లాగే ఆమె బాగున్న రోజు కూడా పక్కన కూర్చో. బాధలో ఉంటేనే ఆయన నా దగ్గరికొస్తాడని ఆమె మనసు నేర్చుకోకూడదు.

తల్లీ, నీ వంతు కూడా ఉంది. జబ్బు నీ తప్పు కాదు, కానీ తిట్లు తగిలింది ఆయనకే. మరుసటి రోజు ఒక్కసారి, సూటిగా క్షమాపణ చెప్పు. రాత్రంతా కాళ్ళమీద పడి ఏడవడం క్షమాపణ కాదు, అది ఇంకొక అల. అమ్మ గొలుసు సంగతి తేల్చు. ఆ చీరలు ఇంకా ఇంట్లో ఉంటే నష్టానికైనా సరే ఏదైనా షాపుకు ఇచ్చేసి వడ్డీ కట్టడం మొదలుపెట్టు. అవి బీరువాలో ఉన్నన్నాళ్ళూ నిన్ను తిడుతూనే ఉంటాయి. మళ్ళీ ఊపు వస్తే బంగారం, కార్డులు ఎవరి చేతికి ఇవ్వాలో, ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలో ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టు. నీ తరఫున మాట్లాడే మనిషిని ముందే పేరు రాసి పెట్టుకునే హక్కు కూడా ఆ 2017 చట్టమే ఇచ్చింది.

మన ఎండల గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఏప్రిల్, మే నెలల్లో ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. నీళ్ళు, మజ్జిగ తాగుతూనే ఉండు. నీళ్ళు ముట్టని ఉపవాసాలు వద్దు. ఉప్పు ఉన్నట్టుండి మానెయ్యొద్దు. తలనొప్పికి, నడుం నొప్పికి మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొని వేసుకోవద్దు, అవి కూడా లిథియాన్ని పెంచుతాయి. పారాసెటమాల్ అయితే పరవాలేదు. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే పూట ఆసుపత్రికి పో. లిథియం లెవెల్ పరీక్షకు చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. ఆరు నెలలకొకసారి కిడ్నీ, థైరాయిడ్ కూడా చూపించుకో. లిథియం వల్ల థైరాయిడ్ తగ్గితే, ఆ నీరసాన్ని కూడా నీ గుణం కిందే కట్టేస్తారు.

పిల్లల్ని కనొచ్చు. రెండు జబ్బులూ ఉండి పిల్లల్ని చక్కగా పెంచుకుంటున్న తల్లులున్నారు. అయితే ముందుగా అనుకొని కనాలి. గర్భం నిలిచాక పరుగెత్తడం కాదు, కనీసం కొన్ని నెలల ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఎప్పుడైనా వాల్‌ప్రోయేట్ అనే బైపోలార్ మందు రాస్తామంటే, పిల్లలు కావాలనుకుంటున్నానని తప్పకుండా చెప్పు. కడుపులో బిడ్డకు బాగా హాని చేసే మందు అది. లిథియంకూ కొంత ప్రమాదం ఉంది, కానీ గర్భం వచ్చిందని నీకు నువ్వే ఆపేస్తే దానికంటే పెద్ద ప్రమాదం రావచ్చు. కాన్పు తర్వాతి వారాలు బైపోలార్‌కు చాలా గడ్డువి. అప్పుడు రాత్రి పూట బిడ్డను ఎత్తుకోవడానికి అమ్మో అత్తో ఇంట్లో ఉండాలి, నీ నిద్ర నీకు దక్కాలి.

ఈసారి కడపకు పోయినప్పుడు నోటు పుస్తకం తీసుకుపో. మీ ఆయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా నీతో లోపలికి తీసుకెళ్ళు. "బుద్ధికి మందేముండాది" అనే ప్రశ్న ఆయన నోటితోనే డాక్టరును అడగనీ.